ముత్యాల గర్భం: కడిగిన తర్వాత మొదలయ్యే వైద్యం

నెల తప్పిన కొత్తలో గర్భసంచిలో ముందుగా పాతుకునేది బిడ్డ కాదు, మాయ. ఫలదీకరణ జరిగిన వారానికే పిండం చుట్టూ ఉన్న పొరలోని కణాలు గర్భసంచి గోడలోకి చొరబడి, తల్లి రక్తనాళాలను తెరిచి, పోషణ అందే దారి వేస్తాయి. వాటి పేరు ట్రోఫోబ్లాస్ట్. గోడలు తొలుచుకుంటూ పోవడం, రక్తనాళాల్లోకి దూరడం నిజానికి కేన్సర్ కణాల గుణాలు. మామూలు గర్భంలో ట్రోఫోబ్లాస్ట్ ఆ పనిని ఒక హద్దు వరకు చేసి ఆగిపోతుంది. ఆ హద్దు తప్పినప్పుడు వచ్చే జబ్బులన్నిటికీ కలిపి వైద్యులు పెట్టిన పేరు జెస్టేషనల్ ట్రోఫోబ్లాస్టిక్ వ్యాధి. వాటిలో తరచుగా కనిపించేది ముత్యాల గర్భం. అరుదుగా వచ్చేదీ, వదిలేస్తే ప్రాణం తీసేదీ కోరియోకార్సినోమా అనే కేన్సర్.

ముత్యాల గర్భం రెండు రకాలు. సంపూర్ణ ముత్యాల గర్భంలో సాధారణంగా అండానికి తల్లి క్రోమోజోములు ఉండవు. అలాంటి ఖాళీ అండంలోకి ఒక శుక్రకణం చేరి తన 23 క్రోమోజోములను రెట్టింపు చేసుకుంటుంది. కొన్నిసార్లు రెండు శుక్రకణాలు చేరతాయి. లెక్కకు 46 క్రోమోజోములూ ఉంటాయి, కానీ అన్నీ తండ్రివే. జపాన్ శాస్త్రవేత్తలు కజీ, ఒహామా 1977లో ఈ సంగతి బయటపెట్టారు. తండ్రి జన్యువులు మాయ పెరుగుదలను ఎక్కువగా నడిపిస్తాయి. అందుకే ఇందులో బిడ్డ రూపం ఉండదు, మాయ మాత్రం నీటిబుడగలుగా ఉబ్బి గర్భసంచిని నింపేస్తుంది. పాక్షిక ముత్యాల గర్భంలో అండం మామూలుదే, అందులోకి రెండు శుక్రకణాలు చేరి క్రోమోజోముల సంఖ్య 69 అవుతుంది. పిండం కొంతవరకు ఏర్పడుతుంది గాని బతకదు. గర్భం ఇలా అయిందంటే కోడలి తిండినీ నడకనీ తప్పుపట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. సంపూర్ణ ముత్యాల గర్భంలో సాధారణంగా తల్లి క్రోమోజోము ఒక్కటీ ఉండదన్న మాట అలాంటి ఇళ్ళలో తప్పకుండా చెప్పాలి. అలాగని తండ్రిని నిలదీయడానికీ లేదు. ఫలదీకరణ వేళ దానంతట అదే జరిగే పొరపాటు అది.

యూరప్, ఉత్తర అమెరికాల్లో సుమారు వెయ్యి గర్భాలకు ఒకటి చొప్పున ముత్యాల గర్భం వస్తుంది. ఆసియా దేశాల లెక్కలు దానికన్నా పైనే ఉంటూ వచ్చాయి. భారతదేశపు వైద్య విద్యార్థులు చదివే ప్రసూతి శాస్త్ర పుస్తకంలో 400 గర్భాలకు ఒకటి అన్న లెక్క చాలాకాలంగా కనిపిస్తుంది. ఈ అంకెలను కొంచెం అనుమానంగానే చూడాలి. మామూలు కాన్పులు ఇళ్ళలోనే జరిగిపోయే రోజుల్లో, కష్టమైన కేసులే ఆసుపత్రి దాకా వచ్చేవి. ఆసుపత్రి రిజిస్టరును బట్టి లెక్కవేస్తే ముత్యాల గర్భాల వాటా పెద్దదిగా కనిపించక తప్పదు. జపాన్‌లో, దక్షిణ కొరియాలో ఈ సంఖ్య కొన్ని దశాబ్దాల్లో బాగా తగ్గింది. తిండి మెరుగుపడటం, కాన్పులు తగ్గడం కారణాలు కావచ్చునంటారు. విటమిన్ ఏ లోపంతో సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు సూచించాయి గాని అది రుజువైన మాట కాదు. రుజువైంది వయసు. ఇరవై లోపు గర్భాల్లో ముప్పు కొంచెం ఎక్కువ, నలభై దాటాక చాలా ఎక్కువ. చిన్నవయసు పెళ్ళిళ్ళూ, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అనుకోకుండా నిలిచే గర్భాలూ పేద దేశాల్లోనే ఎక్కువ కాబట్టి ఈ రెండు కొసలూ అక్కడే కలుస్తాయి.

ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం నూటికి ఒకటో రెండో. అయితే పదేపదే ముత్యాల గర్భాలే వచ్చే స్త్రీలు కొద్దిమంది ఉంటారు. వారిలో చాలామందికి ఎన్.ఎల్.ఆర్.పి.7 అనే జన్యువులో లోపం ఉంటుందని 2006లో తేలింది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ లోపమున్న జన్యువే అందితే గాని ఇది బయటపడదు. దగ్గరి బంధువులను పెళ్ళాడే కుటుంబాల్లో ఇలా జరిగే అవకాశం ఎక్కువ. మేనరికాలు ఇంకా పూర్తిగా పోని తెలుగునాట, రెండోసారి ముత్యాల గర్భంతో వచ్చిన స్త్రీని ఆమె అమ్మానాన్నల బంధుత్వం అడగడం వైద్యుడి పనిలో భాగం. ఈ లోపం ఉన్నవారికి దాత ఇచ్చిన అండంతో మామూలు గర్భం నిలుస్తుంది.

మూడు నెలల లోపే రక్తం కనిపించడం సాధారణంగా మొదటి గుర్తు. వేవిళ్ళు హద్దు మీరతాయి, గుక్కెడు నీళ్ళు తాగినా నిలవవు. మూడో నెలలోనే అయిదో నెల పొట్ట కనిపిస్తుంది. వాపులతో, మూత్రంలో ప్రోటీనుతో వచ్చే గర్భిణుల బి.పి. మామూలుగా అయిదో నెల దాటాక మొదలవుతుంది. అంతకుముందే వచ్చిందంటే ముత్యాల గర్భాన్ని అనుమానించాలి. గర్భానికి గుర్తయిన హెచ్.సి.జి. అనే హార్మోను ఈ జబ్బులో విపరీతంగా తయారై థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొడుతుంది. అందువల్ల గుండెదడ, చేతుల వణుకు కూడా రావచ్చు. నానిన సగ్గుబియ్యం గింజంత నుంచి ద్రాక్షపండంత వరకు ఉండే బుడగలు రక్తంతోపాటు పడితే ఇక సందేహం అక్కర్లేదు. స్కాన్ తెరమీద బిడ్డ ఉండవలసిన చోట చిన్నచిన్న నల్లటి ఖాళీలు నిండి ఉంటాయి. హార్మోను మరీ ఎక్కువైనప్పుడు మూత్రం పట్టీ పరీక్ష తికమకపడి గర్భం లేదని చూపించడం ఒక వింత. అదే మూత్రాన్ని నీళ్ళతో పలచన చేసి మళ్ళీ చూస్తే గీత కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు మూడు నెలలకే స్కాన్ చేస్తున్నారు కాబట్టి ఈ లక్షణాలన్నీ ముదరకముందే చాలామందిలో జబ్బు దొరుకుతోంది. అది మేలే. కానీ అంత ముందుగా బుడగలు ఇంకా ఉబ్బి ఉండవు, మామూలుగా పోయిన గర్భంలాగే కనిపిస్తాయి. పాక్షిక ముత్యాల గర్భమైతే మరీను. అందుకని గర్భం పోయి, గర్భసంచిని కడిగే డి అండ్ సి చేసిన ప్రతిసారీ, తీసిన ముక్కను పాథాలజీ పరీక్షకు పంపడం మంచి పద్ధతి. పేద దేశాల్లో వైద్యపు గొలుసు మొదట తెగేది ఇక్కడే. చిన్న నర్సింగ్‌హోములో కడిగిన ముక్క బకెట్లోకి పోతుంది. మందుల షాపులో కొన్న అబార్షన్ మాత్రలు ఇంట్లో వేసుకుంటే ఏం పడిందో చూసేవారే ఉండరు. ఆ స్త్రీకి వచ్చింది ముత్యాల గర్భమని ఎవరికీ తెలియదు, కనుక తర్వాత జరగవలసిందీ జరగదు.

ముత్యాల గర్భం ఖరారయ్యాక దాన్ని తీసేయడానికి సరైన దారి సక్షన్. పీల్చే గొట్టంతో గర్భసంచిని ఖాళీ చేస్తారు. కరెంటు యంత్రం లేకపోతే చేత్తో లాగే సిరంజి పంపుతోనూ చేయవచ్చు. మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో నొప్పులు తెప్పించి పడేట్టు చేయడం మంచిది కాదు. గర్భసంచి బిగుసుకున్నప్పుడు ఆ కణజాలం రక్తంలోకి నెట్టుకుపోయి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. పొట్ట నాలుగో నెలను మించి ఉంటే రక్తం ధారాపాతంగా పోవచ్చు. అసలే రక్తహీనతతో వచ్చే స్త్రీకి, రక్తం సీసా సిద్ధంగా లేనిచోట ఈ పని మొదలుపెట్టకూడదు. ఆర్‌హెచ్ నెగటివ్ అయితే యాంటీ డి ఇంజెక్షన్ ఇవ్వాలి. నలభై దాటి, పిల్లలు చాలనుకున్నవారికి గర్భసంచినే తీసేయవచ్చు. అయితే గర్భసంచి పోయింది కదా, ఇక భయమేముందనుకోవడం పొరపాటు. కణాలు అప్పటికే బయటికి వెళ్ళి ఉండవచ్చు.

కడిగిన మరునాటికి రక్తం తగ్గుతుంది, వాంతులు ఆగుతాయి, నాలుగు రోజుల్లో స్త్రీ ఇంటిపనుల్లో పడుతుంది. జబ్బు పోయినట్టే ఉంటుంది. సంపూర్ణ ముత్యాల గర్భం వచ్చినవారిలో నూటికి 15 నుంచి 20 మందికి మాత్రం మిగిలిన కణాలు గర్భసంచి గోడలోనో, ఊపిరితిత్తుల్లోనో మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. పాక్షిక రకంలో నూటికి అయిదుగురికి మించరు. ఎవరిలో పెరుగుతాయో ముందుగా చెప్పలేరు. కానీ పెరుగుతున్న సంగతిని దాచడం ఆ కణాలవల్ల కాదు, ఎందుకంటే బతికున్నంతసేపూ అవి హెచ్.సి.జి.ని తయారుచేస్తూనే ఉంటాయి. రక్తంలో ఆ హార్మోను ఎంతుందో వారంవారం చూస్తే చాలు. మామూలుగా రెండు మూడు నెలల్లో అది పూర్తిగా దిగిపోతుంది. దిగిపోయాక కూడా ఆ దేశంలో పాటించే పద్ధతిని బట్టి, గర్భం రకాన్ని బట్టి మరికొన్ని నెలలు నెలకోసారి చూడాలి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించడం మేలు. ల్యాబు మారితే అంకెలు కొంచెం మారతాయి, ఆ తేడా జబ్బులో తేడాలా కనిపిస్తుంది. ఈ గడువులో కొత్త గర్భం నిలవకూడదు. నిలిస్తే హార్మోను పెరిగింది బిడ్డవల్లా జబ్బువల్లా అన్నది తేల్చడం కష్టమవుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుకోవచ్చు. హార్మోను దిగేవరకు కాపర్ టీ మాత్రం వేయకూడదు.

హార్మోనే తీర్పు చెప్పాలి గాని కంటికి కనిపించేది కాదన్న ఈ పాఠం నేర్పిన మనిషి దానికి తన ఉద్యోగాన్నే చెల్లించాడు. 1950ల మధ్య వరకు ఒంట్లో పాకిన కోరియోకార్సినోమా అంటే మరణమే. అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ కేన్సర్ సంస్థలో రాయ్ హెర్ట్జ్ దగ్గర పనిచేస్తున్న చైనా వైద్యుడు మిన్ చియు లీ, ఊపిరితిత్తుల నిండా గడ్డలున్న స్త్రీలకు మెథోట్రెక్సేట్ ఇచ్చాడు. గడ్డలు కరిగి ఎక్స్‌రేలో మాయమయ్యాయి. 1956లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మందులతో ఒక గడ్డ కేన్సర్ పూర్తిగా నయం కావడం అదే మొదటిసారి. గడ్డలు పోయినా మూత్రంలో హార్మోను ఇంకా కొద్దిగా కనిపిస్తూ ఉంటే లీ మందు ఆపలేదు. కనిపించని జబ్బుకు విషం లాంటి మందు ఎందుకని సంస్థవారు ఆయనను పంపించేశారు. మధ్యలో మందు ఆపినవారికి జబ్బు తిరగబెట్టింది, హార్మోను పూర్తిగా పోయేవరకు మందు తీసుకున్నవారు బతికారు. 1972లో లాస్కర్ పురస్కారం అందుకున్నవారిలో లీ, హెర్ట్జ్ ఇద్దరూ ఉన్నారు.

ఆ మెథోట్రెక్సేట్ చరిత్ర ఒక కొసన భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ దగ్గర లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకుడిగా ఉన్నప్పుడు, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌నూ, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌నూ అదే బృందం రూపొందించింది. వేగంగా విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లం లేనిదే సాగదు. ట్రోఫోబ్లాస్ట్ అలాంటి కణమే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకేన్సర్‌కు అమినోప్టెరిన్ వాడిన సంగతి సుబ్బారావుకు తెలుసు. కోరియోకార్సినోమా లొంగిపోవడం చూడటానికి ఆయన లేరు. 1948లోనే కన్నుమూశారు.

హార్మోను మూడు వారాలపాటు దిగకుండా అక్కడే నిలిచినా, రెండు వారాలు వరుసగా పెరిగినా చికిత్స మొదలుపెట్టాలి. పాథాలజీ నివేదిక కోసం ఆగనక్కర్లేదు. కేన్సర్లలో ముక్క పరీక్ష లేకుండా కీమోథెరపీ ఇచ్చేవి చాలా అరుదు. అసలు ముక్క తీయడమే కొన్నిసార్లు ప్రమాదం. యోనిలో ఊదారంగు బుడిపెగా కనిపించే గడ్డను బయాప్సీ కోసం కత్తిరిస్తే రక్తం ఆపడం కష్టమవుతుంది. ఎవరికి ఏ మందు అన్నది ఒక మార్కుల పట్టిక తేలుస్తుంది. వయసు, అంతకుముందటి గర్భం ఏమిటి, అది ముగిసి ఎన్నాళ్ళయింది, హార్మోను ఎంత, గడ్డ ఎంత, ఎక్కడెక్కడికి పాకింది, ఎన్నిచోట్ల, ముందు ఏ మందు వాడారు అన్నవాటికి మార్కులు వేస్తారు. ఆరు వరకు అయితే తక్కువ ముప్పు, ఏడు గాని అంతకు మించి గాని ఉంటే ఎక్కువ. ఊపిరితిత్తుల్లో గడ్డలను లెక్కించడానికి ఈ పట్టికలో మామూలు ఛాతీ ఎక్స్‌రే చాలు. సి.టి. స్కాన్ లేని జిల్లా ఆసుపత్రి కూడా ఈ లెక్క కట్టగలదు.

తక్కువ ముప్పు ఉన్నవారికి ఒకే మందు సరిపోతుంది. ఎక్కువగా వాడే పద్ధతిలో రోజు విడిచి రోజు నాలుగు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లు, మధ్య రోజుల్లో ఫోలినిక్ ఆమ్లం ఇస్తారు. రెండు వారాలకోసారి మళ్ళీ మొదలు. నోరు పూయడం సాధారణమైన ఇబ్బంది. జుట్టు మాత్రం ఊడదు. కీమో అనగానే గుండు గుర్తొచ్చి పారిపోయే ఆడపిల్లకు ఈ ముక్క ముందే చెప్పాలి. మెథోట్రెక్సేట్‌కు లొంగకపోతే ఆక్టినోమైసిన్ ఉంది. ఈ గుంపులో దాదాపు అందరికీ నయమవుతుంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి లండన్ ఛారింగ్ క్రాస్ ఆసుపత్రిలో రూపొందిన అయిదు మందుల పద్ధతి వాడతారు. వారిలోనూ నిపుణుల కేంద్రాల్లో నూటికి తొంభై మంది దాకా బతుకుతున్నారు. ఏ గుంపైనా హార్మోను సున్నాకు వచ్చాక మరో రెండు మూడు కోర్సులు ఇచ్చి గాని ఆపరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఈ జబ్బుకు వాడే మందులున్నాయి. మెథోట్రెక్సేట్ భారతదేశంలోనే తయారయ్యే చవక మందు.

మందు చవకైనదీ, జబ్బు లొంగేదీ అయినప్పుడు పేద దేశాల్లో ఇంకా మరణాలెందుకన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆలస్యంలో ఉంది. కోరియోకార్సినోమా ముత్యాల గర్భం తర్వాతే రానక్కర్లేదు. అబార్షన్ తర్వాత, మామూలు కాన్పు తర్వాత కూడా వస్తుంది. కాన్పయిన నెలలకు దగ్గుతో రక్తం పడుతోందంటూ వచ్చిన బాలింత ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తే, క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో ఎవరికైనా ముందు తట్టేది టీబీయే. మందులు మొదలవుతాయి, నెలలు గడుస్తాయి, జబ్బు మెదడుకు చేరుతుంది. కఫంలో క్షయ క్రిములు దొరకని, పిల్లలు కనే వయసు స్త్రీకి హెచ్.సి.జి. కోసం ఒక్క మూత్ర పరీక్ష చేస్తే దారి తెలుస్తుంది. ఆ వయసులో ఉన్నట్టుండి మెదడులో రక్తస్రావమైన స్త్రీ విషయంలోనూ అంతే. ఆశా కార్యకర్త దగ్గర ఉండే నిశ్చయ్ కిట్ గర్భం తెలుసుకోవడానికి ఉద్దేశించినది. కాన్పయిన ఆరు వారాల తర్వాత కూడా రక్తం ఆగని స్త్రీకి అదే కిట్ ఇంకో జబ్బును పట్టివ్వగలదు. అది కొద్దిపాటి హార్మోనును చూపలేదు కాబట్టి రక్తపరీక్షకు బదులుగా దాన్ని వాడలేరు.

రెండో ఆలస్యం, అంతకన్నా పెద్దది, కడిగిన తర్వాత రాకపోవడం. బ్రిటన్‌లో 1973 నుంచి ముత్యాల గర్భం వచ్చిన స్త్రీల పేర్లను జాతీయ రిజిస్టరులో నమోదు చేస్తున్నారు. వాళ్ళు ప్రయాణం చేయరు, నమూనాలే పోస్టులో ల్యాబుకు వెళతాయి. తెలుగు జిల్లాల్లో ఒక కూలీ స్త్రీ వారం వారం పట్నం వెళ్ళి రక్తం ఇవ్వాలంటే బస్సు చార్జీ, పరీక్ష ఖర్చు, ఒకరోజు కూలీ, తోడుగా వచ్చే మనిషి కూలీ అన్నీ కలుస్తాయి. అప్పటికి ఆమెకు ఏ బాధా ఉండదు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వలస వెళ్ళే కుటుంబమైతే రెండో వారానికే ఊరు మారిపోవచ్చు. గర్భం పోయిన పిల్లను పుట్టింటికి తీసుకుపోవడం, నెల తిరక్కుండా మళ్ళీ కడుపు పండాలని అత్తింటివాళ్ళు తొందరపడటం మామూలే. ఈ రెండూ పరీక్షల వరుసను తెంచుతాయి. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పటి నుంచి కేన్సర్ కీమోథెరపీ ఖర్చు పేదల నెత్తిన పడకుండా చాలావరకు కాసింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి లాంటి చోట్ల వైద్యమూ ఉంది. కానీ అలాంటి పథకాలు ఆసుపత్రిలో చేరినవారి చికిత్స చుట్టూ అల్లినవి. చేరనక్కర్లేకుండా చేసేది ఈ వారంవారం పరీక్షే. దానికి డబ్బు కన్నా ఎక్కువగా కావలసింది ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని పిలవడం. రక్తం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసి పెద్దాసుపత్రికి పంపవచ్చు. రాని మనిషికి ఏఎన్ఎమ్ ఫోను చేయవచ్చు.

ఫిలిప్పీన్స్ వైద్యులు ఇలాంటి లేమిలోనే పనిచేసి దారులు వెతికారు. ఆ దేశపు తొలి మహిళా వైద్యురాలు హొనోరియా అకోస్టా సిసన్, ముత్యాల గర్భం పడిన చరిత్ర ఉండి, రక్తం ఆగక, గర్భసంచి పెద్దగా మెత్తగా ఉంటే కోరియోకార్సినోమాను అనుమానించాలని చెప్పింది. ల్యాబు లేనిచోట అది నేటికీ పనికొచ్చే సూత్రం. తిరిగి రారని తెలిసిన స్త్రీలకు, ముప్పు ఎక్కువగా కనిపిస్తే, కడిగినప్పుడే ముందుజాగ్రత్తగా ఒక కోర్సు మెథోట్రెక్సేట్ గాని ఆక్టినోమైసిన్ గాని ఇచ్చే పద్ధతి ఆసియా దేశాల్లో కొన్నిచోట్ల ఉంది. అది జబ్బు ముదిరేవారి సంఖ్యను తగ్గిస్తుంది. కానీ ఎక్కువమందికి అక్కర్లేని విషాన్ని ఎక్కిస్తుంది, అప్పటికీ జబ్బు వస్తే మందుకు మొండికేస్తుందన్న భయమూ ఉంది. పరీక్షలు చేయగలిగినచోట దీన్ని వాడటానికి కారణం లేదు. చేయలేనిచోట వాడినా, ఒక కోర్సు ఇచ్చాం కదా అని పరీక్షలు మానేయడానికి అది సాకు కాకూడదు.

నయమైన స్త్రీకి బిడ్డలు పుడతారు. మెథోట్రెక్సేట్ వాడినవారిలోనూ గర్భాలు మామూలుగానే నిలుస్తాయి, బిడ్డల్లో అవకరాలు ఎక్కువ కావు. కీమో అయ్యాక ఏడాది ఆగమంటారు, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ ఏడాదిలోనే కనుక. తర్వాతి గర్భంలో రెండు మూడు నెలల మధ్య ఒక స్కాన్ తీసి బిడ్డ ఉన్నట్టు చూసుకోవాలి. ఆ కాన్పు తర్వాత మాయను పాథాలజీకి పంపడం, ఆరు వారాలకు మరోసారి హెచ్.సి.జి. చూడటం చాలా కేంద్రాల్లో పాటించే పద్ధతి.